గుగ్గిలం పూసిన బండి

పడవమ్మి కొన్న సరుకుల బండిని మూడు నెలలు తిరక్కుండానే యారాడ దారిలో బండరాయి మీదికెక్కించాడు జాలరిపేట దుర్గారావు. ఇంజను కింద ఆయిల్ నిలిచే చాంబరు సొట్టపోయి చిట్లింది. ఆ దారిన పోవద్దని పెళ్లాం ఈశ్వరి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అంతకుముందు పడవ అమ్మొద్దని కూడా చెప్పిందనుకోండి. ఇప్పుడీ సంగతి ఆమెకు చెప్పడం కన్నా సముద్రంలో దూకడం నయమనిపించింది అతనికి.

తాతల నాటి నుంచీ పడవల చిల్లులు పూడ్చిన వంశం. చాంబరు చిల్లు ఏపాటి? దూది కూరి, గుగ్గిలం కాచి పూసేశాడు. చుక్క కారలేదు. మీసం మెలేశాడు.

పడవ చన్నీళ్లలో తిరుగుతుందనీ, ఇంజను కాగుతుందనీ ఆ మీసానికి తట్టలేదు.

మర్నాడు మబ్బు పట్టిన పొద్దున చేపల బుట్టలెక్కించి భీమిలి బయల్దేరాడు. పక్కన ఈశ్వరి కూచుంది, ఒళ్లో మూతేసిన గంపతో.

"బండిలో గుగ్గిలం కంపేటి మావా?"

"పొగేసాను. దిష్టికి."

"దిష్టి కిందనుంచి తగిలిందేటి?"

దుర్గారావు హారన్ కొట్టాడు. ఎదురుగా ఎవరూ లేరు.

రుషికొండ ఇంకా రాకుండానే మీటర్లో ఎర్రదీపం వెలిగింది. బండి పక్కకి ఆపాడో లేదో, మళ్లీ స్టార్ట్ చెయ్యకుండా ఈశ్వరి తాళం లాగి రొంటిన దోపుకుంది. దిగి చూస్తే వెనక రోడ్డు పొడుగునా నల్లటి చార. దుర్గారావుకి ఏడుపొచ్చింది. పడవ పోయింది, ఇప్పుడు బండీ పోతే తినడానికేం లేదు.

ఈశ్వరి గంప మూత తీసింది. లోపల కొత్త చాంబరు, ప్యాకింగు, ఆయిల్ డబ్బా, పానాలు.

"నిన్న వాకిట్లో నూని సూసి మెకానిక్ అర్జునరావు కాడ తెచ్చాను. గుగ్గిలమైతే రుషికొండ దాటదన్నాడు."

"ఇంటికాడే సెప్పొచ్చు గదే!"

"నువ్వే సెప్తావని సూసాను."

కిందికి దూరి పాతది ఊడదీసి, బోల్టులు ఈశ్వరి చేతికిచ్చాడు. కొత్తదాన్ని ఒక చేత్తో ఎత్తిపట్టి రెండోది చాపాడు. "బోల్టియ్యి."

"పద్దెనిమిదున్నాయి. నిజానికొకటి."

"సెయ్యి పడిపోతందే!"

"అయితే బేగి సెప్పు."

యారాడ దారికి ఒకటి. దిష్టి పొగకి ఒకటి. ఆకలి లేదని ఇంట్లో చెప్పి పక్కింటి పోతమ్మత్త చేపల పులుసు తిన్నందుకు రెండు, ఎందుకంటే తిన్నది రెండుసార్లు. పదిహేడోదానికి చిన్నప్పటి పాపాలు తవ్వాల్సొచ్చింది.

చివరిదానికి నిజాలు అయిపోయాయి.

"పడవ అమ్మకుండా ఉండాల్సింది," అన్నాడు. "రోజూ గుర్తొత్తంది."

చాపిన చేతిలో చివరి బోల్టు పడింది.

"నాకూ," అంది ఈశ్వరి. "గట్టిగా బిగించు మావా. మనకిక ఇదే మిగిలింది."