గ్లాసంటే పావుకిలో

ఇకమీదట గ్లాసంటే పావుకిలో అని సర్వజనులకూ తెలియజేయడమైనది. గ్లాసులో ఏమున్నదన్నది అనవసరం.

కోట అనే ఊరి దగ్గర ఒక బాలికల హాస్టల్లో నూరుమందికి ఇరవై ఏళ్లుగా ఒక స్టీలు గ్లాసుతో కొలిచి వండిపెడుతున్నారట. ఈ ఘోరం పైవారి చెవిన పడింది. ప్రతి సరుకూ గ్రాముల్లోనే వాడాలని ఉత్తర్వు ఇచ్చి, అమలుకు సుశీల్ కుమార్ గారనే అధికారిని పంపించారు.

ఆయన రాగానే గ్లాసు నిండా నీళ్లు పోసి తూచారు. సరిగ్గా పావుకిలో. పరిశోధన అక్కడితో ముగిసింది. బియ్యానికి, ఉప్పుకు, కారానికి, బొరుగులకు అదే లెక్కని వంటింటి గోడమీద రంగుతో రాయించారు. మనబోటి తెలివితక్కువవాళ్లమైతే ఒక్కొక్కటీ తూచుకుంటూ కూర్చునేవాళ్లం.

వంటమనిషి పుష్పకుమారికి మాత్రం ఈ శాస్త్రం తలకెక్కలేదు.

"కారం తేలిక సార్. గ్లాసు నిండా పోసినా నూరు గ్రాముల మీద రవ్వంత తూగతాది. పావుకిలో ఏస్తే బిడ్డలు తినలేరు."

"చూడమ్మా, గ్లాసు ఒకటే కదా? అదే గ్లాసులో ఉప్పుకొక బరువు, కారానికొక బరువు అంటే పక్షపాతం. మా దృష్టిలో సరుకులన్నీ సమానమే," అని సెలవిచ్చి, మళ్లీ గ్లాసు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుందని మెమో చేతికిచ్చారు. మొగుడు పోయాక ఆమెకున్న ఆధారం ఆ ఉద్యోగమే. గ్లాసును తీసి అటకమీద పెట్టేసింది.

మర్నాడు గుడ్ల పులుసులో పావుకిలో కారం పడింది. నూరుమంది పిల్లలకూ కళ్లవెంట ధారలు. 'విద్యార్థినులు ఆనందబాష్పాలు రాల్చారు' అని నివేదిక వెళ్లింది. అన్నమంతా మిగిలిపోతే అన్నం మిగిల్చిన ఆదర్శ హాస్టల్ అని మెచ్చుకోలు వచ్చింది. సాయంత్రం తలా గ్లాసెడు బొరుగుల లెక్కన పాతిక కిలోలు దిగాయి. చదువుకునే గదినిండా బస్తాలు పేర్చారు గనుక పిల్లలు వరండాలో కూర్చుని చదువుకున్నారు. స్వచ్ఛమైన గాలి ఆరోగ్యానికి మంచిదే.

నాలుగో రోజు ఆరో తరగతి అబిగయీలు ప్రార్థనలో నిలబడినచోటే కళ్లు తిరిగి పడిపోయింది. మూడు రోజులుగా ఆ పిల్ల కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. పుష్పకుమారి ఆ పిల్ల ముఖాన నీళ్లు చల్లి, లోపలికి పోయి, అటకమీది గ్లాసు దించింది. ఆ మధ్యాహ్నం పిల్లలు కంచాలు నాకారు.

ఖర్మ కాలి అదే పూట సుశీల్ కుమార్ గారు మరో ఇద్దరు అధికారులతో తనిఖీకి వచ్చి, భోంచేశారు. సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది: 'మేము ముగ్గురమూ పులుసు మారు అడిగి వడ్డించుకొని తిన్నాము. ఎవరికీ కంట నీరు రాలేదు. కావున వంటమనిషి గ్లాసు వాడినట్లు నిస్సందేహముగా రుజువైనది. తొలగించడమైనది.'

సంజాయిషీ ఏమన్నా ఉందా అని అడిగారు.

"రాసుకోండి సార్. ఈ పూట బిడ్డలు కడుపునిండా తిన్నారు," అన్నది పుష్పకుమారి. అది సంజాయిషీ కిందికి రాదని కొట్టేశారు.

పోయిన ఆదివారం సుశీల్ కుమార్ గారికి ఊళ్లో సన్మానం జరిగింది. నేనూ వెళ్లాను. మీరు ముందు వరసలోనే కనిపించారు. చేతులు నొప్పిపుట్టేదాకా చప్పట్లు కొట్టాం. ఎందుకు కొట్టం? మన పిల్లలెవరూ ఆ హాస్టల్లో తినరు కదా.