ఎవరూ ఇవ్వని మాట

ఆ రోజుకి డ్యూరాండ్ పెట్టీవే పెట్టుకున్న పనులు రెండే. పొద్దున జ్ఞానదంతం పీకించుకోవడం, మధ్యాహ్నం డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకోవడం. రెండింటిలో మొదటిదే కష్టమనుకున్నాడు.

ఇండియానాలోని ఆ చిన్న ఊళ్ళో తలుపు దగ్గర తల వంచకుండా ఇంట్లోకి రాలేనంత పొడుగువాడు డ్యూరాండ్ ఒక్కడే. బ్రాడ్‌విక్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో మూడేళ్ళుగా ఆడుతున్నాడు. ఊరంతా ఊదరగొడితే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడు. పెద్ద జట్లన్నీ ఒక సాయంత్రం కూర్చుని, వరసగా ఒక్కో కుర్రాడి పేరూ పిలిచి తీసుకుంటాయి. పిలుపు వస్తే జీవితం మారిపోతుంది. రాకపోతే కాలేజీ జట్టుకీ రాలేడు, పెద్ద జట్టులో చోటు దొరకడమూ కష్టమే. అందుకే గడువులోగా పేరు వెనక్కి తీసుకునే వీలు పెట్టారు. ఆ గడువు ఆ సాయంత్రంతో సరి.

అతనికి నిజం చెప్పినవాడు ఒక్కడే. ఒక పెద్ద జట్టు తరఫున కుర్రాళ్ళ ఆట చూసి బేరీజు వేసే స్కౌట్ ఎమెట్ గ్యారిటీ. నలిగిన కోటు, నవ్వని మొహం.

"చేతులు బంగారంరా అబ్బాయ్. ఎగరడానికి కాళ్ళే ఇంకా లేవలేదు. ఇంకో ఏడాది కాలేజీలో ఉండు. ఈ ఏడు నీ పేరు ఎవ్వడూ పిలవడు," అన్నాడు కాఫీ చప్పరిస్తూ.

డ్యూరాండ్ నొచ్చుకున్నా ఒప్పుకున్నాడు. వాళ్ళమ్మ వెర్నెల్ కూడా ఒప్పుకుంది. కోచ్ డోలన్ అయితే, తిరిగొస్తే వచ్చే ఏడు ప్రతి ఆటా వాడితోనే మొదలుపెడతానని ఆమెకు మాటిచ్చాడు. డ్యూరాండ్ కోచ్‌కి సరే అంటే చాలు, పేరు వెనక్కి తీసుకునే కాగితం కాలేజీ ఆఫీసువాళ్ళే పంపేస్తారు. ఆ మధ్యాహ్నం ఒక జట్టువాళ్ళు ఆట చూస్తామని రమ్మన్నారు. ఇంక దేనికిలే అని డ్యూరాండ్ రానని కబురు పెట్టి, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు.

పన్ను అంత సులువుగా రాలేదు. బయటికొచ్చేసరికి నోటినిండా దూది, సగం మొహానికి స్పర్శ లేదు, మింగిన మాత్రలకి కళ్ళు మూతలు పడుతున్నాయి. కోచ్ ఫోన్ చేశాడు.

"ఏమిట్రా, ఏం తేల్చుకున్నావ్?"

"ఉం... ఉంతు... ఉమ్మ్..." అన్నాడు డ్యూరాండ్.

"ఏడుస్తున్నావా?"

లాభం లేదనుకుని ఫోన్ పెట్టేసి, పక్కింటావిడ కారులో వెనక్కి వాలి మెసేజ్ కొట్టాడు: "ఉంటున్నాను కోచ్. ఇన్నాళ్ళూ నాకోసం మీరు పడ్డ శ్రమ జన్మలో మరిచిపోను." ఆవిడ అతన్ని ఇంటి దగ్గర దింపింది. దుప్పటిలోంచి పాదాలు బయటపెట్టి పడుకున్నాడు. మర్నాడు పొద్దున దాకా లేవలేదు.

కోచ్ డోలన్ అప్పుడు నెబ్రాస్కాలో ఉన్నాడు. డ్యూరాండ్ వెళ్ళిపోతే ఎలా అని ముందుజాగ్రత్తగా ఇంకో పొడుగు కుర్రాడి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఫోన్ చూసుకున్నాడు. 'ఉంటున్నాను', అంటే డ్రాఫ్ట్‌లో. 'మరిచిపోను', అంటే సెలవు. ఇందాకటి ఏడుపు కూడా దానికి సరిపోయింది. కళ్ళు తుడుచుకుని, బంగాళాదుంపల గిన్నె అందుకుంటూ, "మీవాడికి మా జట్టులో చోటుందండీ," అనేశాడు. కుర్రాడి తండ్రి అక్కడికక్కడే దేవుడికి ఇంకోసారి కృతజ్ఞతలు చెప్పాడు.

అదే సమయానికి వెర్నెల్ తన జుట్టు అలంకరణ దుకాణంలో ఉంది. డ్యూరాండ్ రానని కబురు పెట్టిన జట్టు ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

"మీ అబ్బాయి ఎందుకు రానన్నాడండీ?"

ఆ జట్టువాళ్ళు ఇదివరకు రెండుసార్లు పిలిచి, బయట కుర్చీలో కూర్చోబెట్టి పంపేశారు. వెర్నెల్‌కి ఆ కడుపుమంట ఇంకా ఆరలేదు.

"మావాడికి ఇంక మీలాంటివాళ్ళ గుమ్మం తొక్కాల్సిన ఖర్మ పట్టలేదమ్మా. మాకు మాటిచ్చారు."

"మాటిచ్చారా! ఎవరండీ?"

"ఇవ్వాల్సినవాళ్ళే ఇచ్చారు. నీకు చెప్పాలా?"

బేసిన్‌లో తల పెట్టుకున్న ఆడవాళ్ళు కూడా "అబ్బో!" అన్నారు. వెర్నెల్ చెప్పింది కోచ్ సంగతి. కానీ బాస్కెట్‌బాల్ లోకంలో డ్రాఫ్ట్ ముందు 'మాట' అంటే ఒక్కటే అర్థం: ఫలానా కుర్రాణ్ణి మేం తీసుకుంటామని ఏదో జట్టు చాటుగా ఇచ్చే హామీ. పరీక్షకి రానన్నాడంటే హామీ దొరికినట్టే. పొద్దు వాలేలోగా ఆ మాట అన్ని జట్ల ఆఫీసులూ తిరిగొచ్చింది.

మర్నాడు దవడ వాపుతో లేచిన డ్యూరాండ్‌కి రేడియోలో తన పేరు వినిపించింది. "మనవాడికి రహస్యంగా హామీ దొరికిందట!" అని గొంతు చించుకుంటున్నాడు వ్యాఖ్యాత. డ్యూరాండ్ చెప్పులైనా తొడుక్కోకుండా కాలేజీకి పరిగెత్తాడు. రాత్రికి రాత్రే తిరిగొచ్చిన కోచ్ ఎదురొచ్చి కావలించుకున్నాడు.

"గర్వంగా ఉందిరా!"

"కోచ్, నేను ఉంటానన్నది ఇక్కడ."

కోచ్ చేతులు జారిపోయాయి. 

"గడువు నిన్నే అయిపోయింది నాయనా. చోటు కూడా... నెబ్రాస్కాలో ఒక పిల్లాడికిచ్చేశాను. వాళ్ళమ్మ నాకు ఆపిల్ మిఠాయి చేసి కట్టిచ్చింది. ఏ మొహంతో వద్దననూ?"

డ్యూరాండ్ ఖాళీ కోర్టు వంక చూశాడు. మూడేళ్ళుగా అది తన చోటు. తను మింగిన మాత్రలు, వాడిన ఒక్క మాట దాన్ని ఎవరికో కట్టబెట్టాయి.

ఆ తర్వాత కనబడ్డవాళ్ళందరికీ నిజం చెప్పాడు. ఒక్కడూ నమ్మలేదు. "మాకెవరూ మాటివ్వలేదు," అంటే "అలాగే అనాలి మరి," అని కన్నుగీటారు. వెర్నెల్ రేడియోకి ఫోన్ చేసి, "నేనన్నది కోచ్ గురించయ్యా మహానుభావా!" అని అరిచింది. "కన్నతల్లి కూడా పెదవి విప్పడం లేదు," అని వాళ్ళు ప్రసారం చేశారు. పత్రికల అంచనాల్లో అతని పేరు పైపైకి ఎగబాకింది. చూడ్డానికి పిలిచే జట్టు మాత్రం ఒక్కటీ లేదు. ఎవరికో రాసిపెట్టిన పిల్లాణ్ణి పిలిచి ఏం లాభమని వాళ్ళ లెక్క.

చివరికి గ్యారిటీకి ఫోన్ చేశాడు.

"సార్, మీరైనా చెప్పండి. నాకు ఏ హామీ లేదని."

"చెబుతూనే ఉన్నాను. ఎవడూ మాటివ్వడు, వాడి కాళ్ళు ఇంకా లేవలేదు అని ప్రతివాడికీ చెబుతున్నాను."

"ఏమంటున్నారు?"

"ఇంత గట్టిగా కాదంటున్నావంటే ఇచ్చింది మీ జట్టేనన్నమాట, అంటున్నారు."

డ్రాఫ్ట్ సాయంత్రం వెర్నెల్ ఇల్లు కిటకిటలాడింది. వద్దన్నా ఊరు ఆగలేదు. పక్కటెముకల వేపుడు, మొక్కజొన్న రొట్టె, కేకు మీద డ్యూరాండ్ బొమ్మ. టీవీలో ఒక్కో పేరూ పిలుస్తున్నారు. మొదట్లో ప్రతి పేరుకీ అందరూ ఊపిరి బిగబట్టారు. పోనుపోను ఊపిరి మామూలుగానే పీల్చుకున్నారు. ప్రతి జట్టూ, ఆ మాటిచ్చిన జట్టేదో తీసుకుంటుందిలే అని వదిలేసింది. సగం అయ్యాక టీవీలో ఒకాయన, "మాటిచ్చినవాళ్ళే వెనక్కి తగ్గారంటే కుర్రాడి ఒంట్లో ఏదో రోగం ఉండి ఉంటుంది," అన్నాడు. అంతే, మిగతావాళ్ళు కూడా భయపడ్డారు.

ఆఖరి పేరు ఇంకెవరిదో అయింది. చుట్టాలు ప్లేట్లలో తిండి కట్టుకుని వెళ్ళారు. కేకు మీది డ్యూరాండ్ మొహాన్ని ఎవరూ కొయ్యలేదు. డ్యూరాండ్ పెరట్లోకి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాడు. వెర్నెల్ వచ్చి పక్కన కూర్చుంది.

"నా నోరే నీ కొంప ముంచిందిరా నాన్నా."

"నా నోరు పనిచేసుంటే ఇదంతా ఉండేది కాదుగా అమ్మా," అన్నాడు. నవ్వబోయాడు గాని రాలేదు. తల్లి భుజం మీద తల ఆనించాలంటే ఎంతో కిందికి వంగాలి. వంగాడు.

మర్నాడు ఫోన్ మోగింది. గ్యారిటీ పనిచేసే జట్టు యజమానురాలు ఆగస్టా ప్రెంటిస్. ఆదివారం ప్రార్థన తప్పని పెద్దావిడ.

"బాబూ, మావాళ్ళు నీకు మాటిచ్చి తప్పారని ఊరంతా అంటోంది. విచారించాను. ఒక్కడూ ఒప్పుకోవడం లేదు. సిగ్గుతో రాత్రి నిద్రపట్టలేదు నాకు."

"అమ్మగారూ, నాకెవరూ మాటివ్వలేదండీ. ఒట్టు."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది. "మమ్మల్ని వెనకేసుకొస్తున్నావు. ఎంత మంచి పెంపకం! డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవనివాణ్ణి ఏ జట్టయినా నేరుగా తీసుకోవచ్చు. ఒప్పందం పంపిస్తున్నాను, సంతకం పెట్టు. నీకు మాటిచ్చి మా పరువు తీసింది అందరికంటే గట్టిగా కాదన్నవాడే. వాణ్ణి పొద్దున్నే ఉద్యోగం పీకి ఇంటికి పంపేశాను."

 ఆమె ఫోన్ పెట్టేయగానే డ్యూరాండ్ గ్యారిటీకి చేశాడు. అవతల అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్న చప్పుడు.

"సార్, నేనే వచ్చి ఆవిడ కాళ్ళ మీద పడతాను. నిజం చెప్పేస్తాను."

"నోర్ముయ్. ఆవిడ నమ్మదు. నమ్మిందా, నీదీ ఊడుతుంది." ఇంకో పెట్టెకి టేపు అంటించాడు. "సంతకం పెట్టు. పెట్టి, రోజూ మెట్లెక్కు. నీ కాళ్ళు ఇంకా లేవలేదు."

డ్యూరాండ్ సంతకం పెట్టాడు. జట్టులో చేరాడు. ఆ ఏడంతా ఆటలోకి దిగనివాళ్ళు కూర్చునే బల్ల చివర, నీళ్ళ సీసాల పక్కన కూర్చున్నాడు. అతని మీద అంత మంది వేసిన అంచనాల్లో నిజమైంది గ్యారిటీది ఒక్కటే. ఉద్యోగం పోయిందీ ఆయనొక్కడికే.