ఇంటికో ఓటు

దుబాయ్ నగర తెలుగు కుటుంబాల సంఘమూ, సోనాపూర్ కార్మిక క్యాంపుల తెలుగు సంఘమూ 2016 కార్తీక మాసంలో ఒక్కటయ్యాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇరువైపులా ఉన్నది ఒకే భాష, ఒకే ఆవకాయ అని ఇన్నేళ్లకు కనిపెట్టిన పెద్దల చూపును మెచ్చుకోవాలి.

విలీనం ఇద్దరికీ అవసరమే. ఊరి నుంచి ఒక మంత్రిగారు వస్తున్నారు. ఆయన ముందు హాలు నింపడానికి నగర సంఘానికి జనం కావాలి. క్యాంపు సంఘానికి ఒక్క మనిషి చాలు. తాపీమేస్త్రీ లచ్చన్న గదిలో ఉండే బడే సాహెబ్ పక్షవాతంతో ఆసుపత్రిలో పడ్డాడు. పెళ్లాం పిల్లల దగ్గరికి పంపమంటున్నాడు. అందుకు సంతకం పెట్టాల్సిన కంపెనీ మేనేజరు, క్యాంపు భాషలో ముదీర్, లచ్చన్నను గేటు దాటనివ్వడు. టై కట్టిన తెలుగువాడు వెంట వస్తే కుర్చీ వేసి మాట్లాడతాడు.

చర్చ సామరస్యంగా సాగింది. కులం మాట ఎవరూ ఎత్తలేదు. అందరూ సంస్కృతి అన్నారు. కార్యదర్శి సుభద్రగారు, "మాకు భేదాలేం లేవండీ. మా పిల్లల డాన్సులకి వస్తే వాళ్లకే ఇబ్బందేమోనని" అన్నారు. ఎదుటివారి ఇబ్బందిని ఇంత ముందుగా పసిగట్టేవారు అరుదు.

అసలు చిక్కు తలల లెక్క దగ్గర వచ్చింది. మనిషికో ఓటంటే రాజ్యం క్యాంపువాళ్లదే. అధ్యక్షులు వీరరాఘవరావుగారు లేచి, "తెలుగు సంస్కృతికి మూలం ఇల్లు. కనుక ఇంటికో ఓటు. పొయ్యి ఒకటైతే ఇల్లూ ఒకటే" అని ధర్మం చెప్పారు. ఆ లెక్కన మంచం మీద మంచం వేసుకుని బతికే క్యాంపు గది ఒక ఇల్లు. క్యాంపు సంఘంలోనే ఉన్న నర్సుల హాస్టలంతా ఒక ఇల్లు.

"మీ విల్లాలో మూడు కుటుంబాలకీ వంటగది ఒకటేగా సార్?" అని రాజోలు నర్సు ఫేబా అడిగింది.

"అది వేరమ్మా. పొయ్యి ఒకటే, వంశాలు వేరు" అన్నారాయన. చప్పట్లు మోగాయి.

లచ్చన్న లేచి, "ఓట్లు మీరే పెట్టుకోండ్రి సార్. ఒక్కలు మా ఎంబడి ముదీర్ దగ్గరికి రాండ్రి. గంతే" అన్నాడు. ఆ త్యాగాన్ని సభ కొనియాడింది. విలీనం ఏకగ్రీవమైంది.

ఐక్యతకు గుర్తుగా పార్కులో వనభోజనాలు పెట్టారు. ఎవరి సంస్కృతి చెట్టు కింద వారు చాపలు పరుచుకున్నారు. చెట్టు దొరకని క్యాంపు సోదరులకు వడ్డించే గౌరవం దక్కింది. క్రైస్తవ నర్సులను ప్రసాదానికి దూరంగా ఐస్‌క్రీమ్ పెట్టె దగ్గర నిలబెట్టారు. భోజనాలయ్యాక లచ్చన్న మళ్లీ బడే సాహెబ్ సంగతి ఎత్తాడు. ప్రజాస్వామ్యం కదా, ఓటింగు పెట్టారు. కంపెనీ గొడవల్లో సంఘం తలదూర్చరాదన్న తీర్మానం అత్యధిక ఇళ్ల మద్దతుతో నెగ్గింది. ఒళ్లు మండిందని రాస్తే వ్యంగ్యం చెడుతుంది. అయినా మండింది.

మంత్రిగారి సభకు హాలు నిండింది. ఆ వారమే బడే సాహెబ్ పోయాడు. అదే ఆసుపత్రిలో పనిచేసే ఫేబా, చివరిసారి ఫోనులో అతనికి ఇంటివాళ్లను చూపించింది. "మన ఇంటి మనిషిని కోల్పోయాం" అని అధ్యక్షులవారు వాట్సాప్ గ్రూపులో సంతాపం పెట్టారు. మనిషి పోయినా ఆ గది అలాగే ఉంది గనుక, సంఘానికి ఓటు తగ్గలేదు.

సంతాపం కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకట్టాయి. వాటిలో మీదీ ఉంది, చూశాను. ఆ కిందే లచ్చన్న, శవాన్ని ఊరికి పంపే కాగితాలకు ముదీర్ దగ్గరికి ఎవరన్నా తోడొస్తారా అని అడిగాడు. దాని కింద ఎవరి బొమ్మా లేదు. మీదీ లేదు.