రిపేరుకు పదో మాట

ఏమండోయ్, ఇంగ్లీషు వచ్చినవారూ! మిమ్మల్నే. వెనక్కి తిరిగి చూడకండి, అక్కడెవరూ లేరు. 'రిపేరు'కు ఇంగ్లీషులో సరిసమానమైన క్రియలు పది చెప్పండి చూద్దాం. ఫిక్స్ అన్నారా, భేష్. మెండ్ అన్నారా, శభాష్. తర్వాత? ఆ దగ్గెందుకు? ఫ్యాను వంక చూస్తారేం, దాని రెక్కల మీద రాసి ఉందా? ఈ లెక్కన మీకు నీళ్ళ ఆఫీసులో పానా పట్టుకునే అర్హత లేనట్టే.

ఇది ఎగతాళి కాదు, సర్క్యులరు. ఊరంతటికీ నీళ్ళు పంపే ఆఫీసుకు కొత్తగా వచ్చిన పెద్దసారు, కుర్చీ వెచ్చబడకముందే ఒక మహత్తర సత్యం కనిపెట్టారు. పంపులు మాటిమాటికీ ఆగిపోవడానికి కారణం వాటి ముసలితనం కాదట, మెకానిక్కుల పదసంపద చాలకపోవడమట. కనుక ప్రతి మెకానిక్కూ 'రిపేరు' అను క్రియకు పది పర్యాయపదములు రాసి చూపవలెను. చూపలేనివారు ఇంటికి దయచేయవలెను. ఇట్లు, సంతకం, ముద్ర.

ఇది చదివించుకుని పానా బాబాయి నీరుగారిపోయాడు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఆఫీసులో పంపులు బాగుచేస్తున్నాడాయన. చేతిలోంచి పానా దిగదు కాబట్టి ఆ పేరు. అన్నం తినేటప్పుడు ఎడమచేతిలోకి మారుతుంది, అంతే. పంపు మీద చెవి ఆనించి దాని రోగమేమిటో చెప్పేస్తాడు. ఇంగ్లీషు మాత్రం 'రిపేరు'తో మొదలై 'రిపేరు'తోనే ముగుస్తుంది. అదీ తెలుగేనని ఆయన గట్టి నమ్మకం.

"ఉద్యోగం పోతే ఏం చేస్తావయ్యా?" అంది పెళ్ళాం.

"ఏముందే, పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటా."

ఆ మాటకు ఆవిడ హడలిపోయి, టైపు సెంటరులో పనిచేసే తమ్ముణ్ణి అప్పటికప్పుడు పిలిపించింది. బావమరిది అట్టలూడిన నిఘంటువు ఒకటి చంకన పెట్టుకొచ్చాడు.

"రాసుకో బావా. ఫిక్స్, మెండ్, ప్యాచ్, సర్వీస్, ఓవర్‌హాల్, రీస్టోర్, రెక్టిఫై, రీకండిషన్, రినోవేట్."

"ఇన్ని మాటలెందుకురా? వీటికి తేడా ఏమిటి?"

"తేడా ఉంటే పర్యాయపదాలెలా అవుతాయి బావా? నోరుమూసుకుని బట్టీపట్టు."

అర్థం తెలియని మాట బాబాయి నాలుకకు అతకదు. కనుక తన అనుభవం మీద తానే అర్థాలు అమర్చుకున్నాడు. ఫిక్స్ అంటే ఊడిన దాన్ని మళ్ళీ ఊడేలా బిగించడం. ప్యాచ్ అంటే కారుతున్న చోటు కనబడకుండా గుడ్డ చుట్టడం. సర్వీస్ అంటే పైపైన తుడవడం. ఓవర్‌హాల్ అంటే అంతా విప్పి మళ్ళీ బిగించాక నాలుగు నట్లు మిగలడం. రెక్టిఫై అంటే తప్పు మనది కాదని కాగితం రాయడం. రినోవేట్ అంటే, పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, రంగు వెయ్యండ్రా అని. ఇంత స్పష్టమైన నిఘంటువు ఏ విశ్వవిద్యాలయమూ వేసి ఉండదు.

తొమ్మిదో మాట దగ్గర బావమరిది పుస్తకం అయిపోయింది. బుర్ర అంతకుముందే అయిపోయింది.

పరీక్షరోజు బాబాయి కంటే ముందు లోపలికెళ్ళిన ఆరుగురు మెకానిక్కులూ తలలు వేలాడేసుకుని బయటికొచ్చారు. బాబాయి వంతు వచ్చింది. తొమ్మిది రాశాడు. కలం ఆగింది. సరిగ్గా అప్పుడు కిటికీ అవతల పంపు అందుకుంది, "గ్రంబ్, గ్రంబ్, గ్రంబ్" అంటూ. బాబాయిలోని కొంటెతనం కన్ను తెరిచింది. పదో మాట రాసి పడేశాడు: గ్రంబులేట్.

పెద్దసారు ఆ మాట దగ్గర ఆగారు. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. పైకప్పు వంక చూశారు.

"అద్భుతం! ఈ మాట తెలిసినవాళ్ళు ఈ ఆఫీసులో ఇద్దరేనయ్యా. నువ్వూ, నేనూ."

బాబాయి బయటికొచ్చి, గోడ చాటున పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాటి నుంచీ ఆఫీసులో స్వర్ణయుగం మొదలైంది. 'రిపేరు' మోటు మాట కనుక రద్దు చేయడమైనది, ఇకపై సమస్త యంత్రములూ గ్రంబులేట్ చేయబడును అని సర్క్యులరు వచ్చింది. దానికో రిజిస్టరు తెరిచారు, ముద్ర చెక్కించారు. గ్రంబులేషన్‌కూ రిపేరుకూ భేదం తేల్చడానికి ఐదుగురు పెద్దలతో సంఘం వేశారు. వాళ్ళు కొండ ప్రాంతాలన్నీ చల్లగా తిరిగొచ్చి, భేదం ఉన్నదని ఏకగ్రీవంగా తేల్చారు. ఉన్నదే గానీ అది అనుభవైకవేద్యమన్నారు. కుర్ర ఇంజినీరు ఒకడు తాను కాలేజీలో ఇదే చదివానన్నాడు. ఇంకొకాయన తమ తాతగారు గ్రంబులేషన్‌లో చెయ్యి తిరిగినవారని చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

బాబాయిని పంపుల దగ్గర్నుంచి తప్పించి గ్రంబులేషన్ సలహాదారును చేశారు. వేదిక ఎక్కించి, దండ వేసి, శిక్షణ ఇమ్మన్నారు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ముందు చేతులు కట్టుకోవాలి. పంపు చుట్టూ ఒక్కసారి నడవాలి. తల మూడుసార్లు ఊపాలి. నిట్టూర్చాలి. నిట్టూర్పు మరీ పెద్దది కాకూడదు, పంపు భయపడుతుంది."

అరవైమంది దించిన తల ఎత్తకుండా రాసుకున్నారు. వెనక వరసలో ఇంజినీరమ్మ లేచింది.

"నడవడం ఎడమ నుంచాండీ, కుడి నుంచాండీ?"

"మీ ఇష్టమమ్మా," అనడమే బాబాయి చేసిన పొరపాటు. సాయంత్రానికల్లా ఆఫీసు ఎడమవారుగా, కుడివారుగా చీలిపోయింది. వారం తిరక్కుండా ఎడమవారు గేటు దగ్గర బైఠాయించారు. కుడివారు వాళ్ళ చుట్టూ కుడి నుంచి నడిచి నిరసన తెలిపారు.

బాబాయి రోజూ ఇంటికొచ్చి ఇదంతా పెళ్ళానికి చెప్పి, నవ్వలేక మంచమ్మీద దొర్లేవాడు.

"అంత చదువుకున్నోళ్ళని పిచ్చోళ్ళని చేశానే! ఒక్కడికీ అనుమానం రాలా!"

"దొర్లింది చాలుగానీ లే. కుళాయిలో నీళ్ళు రావట్లేదు. మూడు రోజులైంది."

బాబాయి నవ్వు ఠక్కున ఆగింది. మన వీధి పంపును చూసేవాడెవడా అని ఆలోచించాడు. ఆ ఆరుగురూ ఇంటికెళ్ళిపోయారు. ఏడోవాడు తానే, వేదిక మీదున్నాడు. పానా తీసుకుని పంపుషెడ్డుకు పరుగెత్తాడు. అక్కడ కొత్తగా వేసిన గ్రంబులేషన్ పర్యవేక్షకుడు అడ్డం నిలబడ్డాడు.

"పంపు గ్రంబులేట్ అయిపోయింది సార్. ఇదిగో ముద్ర."

"నీళ్ళు రావట్లేదు కదరా!"

"ఆ కాలమ్ ఫారంలో లేదండీ. పానా లోపలికి తేకూడదు సార్, రిపేరు రద్దయింది."

షెడ్డులోంచి పంపు మూలుగు వినిపిస్తోంది. బేరింగు పోయిందని బాబాయికి బయట్నుంచే తెలిసిపోయింది. అరగంట పని. తిన్నగా పెద్దసారు గదిలోకి వెళ్ళి కాళ్ళమీద పడినంత పనిచేశాడు.

"తప్పయిపోయింది సార్! అసలా మాటే లేదు. నేనే పుట్టించా. నన్ను ఇంటికి పంపినా సరే, ఆ పంపును మాత్రం నన్ను రిపేరు చెయ్యనివ్వండి!"

పెద్దసారు లేచి తలుపు మూసి, బాబాయిని కూర్చోబెట్టి, చల్లటి మంచినీళ్ళు ఇచ్చారు. సీసా నీళ్ళు.

"నాకు మొదటిరోజే తెలుసయ్యా," అన్నారు ఆప్యాయంగా. "రిపేరు అని రాస్తే నీళ్ళొచ్చాయా అని జనం అడుగుతారు. ఫిక్స్ అన్నా అడుగుతారు, మెండ్ అన్నా అడుగుతారు. గ్రంబులేట్ అని రాస్తే ఏమని అడుగుతారు చెప్పు? నాకు కావలసింది అలాంటి మాట. ఆ మాట పుట్టించగలిగే మనిషి. నీ ముందొచ్చిన ఆరుగురూ పదికి పది నిజమైన మాటలే రాశారు, పాపం. అటువంటివాళ్ళను పెట్టుకుని ఆఫీసు నడుపుతామా?"

బాబాయి ఆ సీసాను బల్ల మీద పెట్టేశాడు.

"పిచ్చివాడా, నువ్వు నాకు పరీక్ష రాశాననుకుంటున్నావు. కాదు, నేను నిన్ను ఏరుకున్నాను. వెళ్ళు, రేపటికి ఇంకో మాట ఆలోచించు. ఈసారి మురుగుకాల్వలకు."

బాబాయి ఇంటికొచ్చేసరికి వీధి వీధంతా బిందెలతో గుమ్మం ముందు నిలబడి ఉంది. అందరూ ఒక్కసారి మీద పడ్డారు.

"ఏమైంది బాబాయ్? పంపు సంగతేంటి? నీళ్ళెప్పుడొస్తాయి?"

నిజం చెప్పేద్దామని బాబాయి నోరు తెరిచాడు. ఉద్యోగం గుర్తొచ్చింది. నోరు తెరిచాడు గనుక ఏదో ఒకటి రావాలి.

"గ్రంబులేషన్... జరుగుతోంది."

అంటే ఏమిటని అడగడానికి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పక్కవాడికి తెలిసినట్టే ఉందని ఎవరికివారు తల ఊపారు. తర్వాత ఖాళీ బిందెలు చంకనెత్తుకుని హాయిగా ఇళ్ళకు మళ్ళారు. పోతూపోతూ ఎదురింటి మాస్టారు పక్కాయనతో అంటున్న మాట బాబాయి చెవిన పడింది.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానండీ, దీనికి గ్రంబులేషన్ తప్ప వేరే దారి లేదని!"