పీత చుట్టూ తెల్ల గీత

జపాన్ తీరంలోని కనియురా పురపాలక కార్యాలయం తన అధికారిక చిహ్నమైన పీత బొమ్మ అంచుల్లో ఎటువంటి దోషమూ లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇందులో ఆశ్చర్యపడవలసిందేమీ లేదు. తీర్మానించిన పెద్దలందరూ పీతను కాగితం మీద చూశారు. కాగితం తెల్లది. దోషమూ తెల్లదే.

దోషాన్ని మొదట చూసింది కువబారా చినాత్సు. ఊరి వెబ్‌సైటు చూసుకోవడానికి ఏడాది ఒప్పందం మీద వచ్చిన అమ్మాయి. మార్చి నెలాఖరుకు ఒప్పందం పొడిగిస్తారో, సంచి సర్దుకోమంటారో తేలాలి. ఊరి ముద్దుల బొమ్మ కనినోసుకే ఎర్రటి పీత. చలికాలపు సముద్రంలాంటి ముదురు నీలం పేజీ మీద దాన్ని నిలబెట్టగానే ఒంటి చుట్టూ, ఒక్కో కాలి చుట్టూ, సన్నటి తెల్ల గీత మెరిసింది.

కారణం కనిపెట్టడానికి టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. బొమ్మను తెల్ల నేపథ్యం మీద గీశారు. వెబ్ కోసం ఆ తెలుపు తీసేసి వేరే ఫైలుగా ఎగుమతి చేసినప్పుడు, అంచున ఎరుపుతో కలిసిపోయిన తెల్ల చుక్కలు పీతను వదలకుండా అంటిపెట్టుకున్నాయి. అంచులో తెలుపు బదులు పేజీ నీలాన్ని కలిపి మళ్ళీ ఎగుమతి చేస్తే సరి. చేసింది. గీత మాయమైంది.

సరి అనుకోవడం ఆమె అనుభవలేమి. కార్యాలయంలో ఏ బొమ్మ మారినా కాగితం మీద అచ్చువేసి, కింది నుంచి పై దాకా అందరి పేరు ముద్రలూ పక్కపక్కన వేయించాలి. తెల్ల కాగితం మీద కొత్త పీత చుట్టూ నీలపు మరక స్పష్టంగా కనిపించింది.

"ఏమ్మా కువబారా, చక్కగా ఉన్న పీతకి కాటుక పెట్టుకొచ్చావేంటి?" అన్నారు విభాగాధిపతి ఒనోదెరా.

"కాగితం మీదే అలా ఉంటుంది సార్. ఒక్కసారి తెర మీద చూడండి."

"తెర మీద చూస్తే ముద్ర ఎక్కడ వెయ్యమంటావ్?"

పక్క బల్ల ఇషిమోరి గారు మెల్లిగా వంగి, "పీత సంగతి తర్వాత, ముందు నీ ముద్ర చూసుకో తల్లీ. నిటారుగా నిలబడింది. సార్ ముద్రకి దణ్ణం పెడుతున్నట్టు అటు కాస్త ఒరగొద్దూ? మేమంతా ఇన్నేళ్ళూ ఊరికే ఒంగామా?" అన్నారావిడ.

పాత పీతే ఖాయమైంది.

తెర మీద మరక ఎంత తుడిచినా పోవడం లేదని ఊరివాళ్ళు ఫోన్లు చేశారు. పౌరుల శుభ్రతాభిమానాన్ని మెచ్చుకుంటూ కార్యాలయం ఇంటింటికీ తుడుపుగుడ్డలు పంచింది. అయినా పోలేదు. అప్పుడు మేయర్ గారు వేదికెక్కి, "ఇది మరక కాదు. మన తీరపు నురగ. మన పూర్వీకుల ముందుచూపు," అని సెలవిచ్చారు. ఆ మర్నాడే కనినోసుకే వేషానికి చుట్టూ తెల్ల బొచ్చు కుట్టించారు. లోపలున్న మనిషి పాఠశాల గుమ్మంలో ఇరుక్కుపోయాడు. ఆ ఘట్టాన్ని పిల్లలు కార్యక్రమంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. మిఠాయి దుకాణాలవాళ్ళు పీత ఆకారపు మిఠాయి బిళ్ళల అంచుకి బియ్యప్పిండి అద్దారు. చేపల బజారులో ఒకావిడ, గీత లేని పీత మనూరిది కాదని బుట్టలో తిరిగి పడేసి వెళ్ళిపోయింది.

మార్చి నెలాఖరు వచ్చింది. ఒనోదెరా గారు వెబ్‌సైటులో సిబ్బంది పేజీ తెరిపించి చూశారు. నీలం మీద వరసగా తలలు, తల తలకీ తెల్ల గీత. ఒక్క చినాత్సు ఫోటోకి మాత్రం లేదు. తన ఫోటో తనే చేసుకుంది మరి.

"నీ పనికేం వంక పెట్టలేమమ్మా. కానీ ఇటు చూడు, నువ్వొక్కదానివే మనలో మనిషిలా లేవు."

చినాత్సు బల్ల దగ్గరికెళ్ళి, తన జుట్టు అంచున తెలుపు కలిపి మళ్ళీ ఎగుమతి చేసింది. ఒప్పందం పొడిగింపు కాగితం మీద ముద్ర వేసింది. బాగానే ఒరిగింది.

ఇప్పుడు ఆ పేజీలో ఎవరూ ఎబ్బెట్టుగా లేరు. మీ ఆఫీసు ఫోటోలో మిమ్మల్ని కూడా ఓసారి చూసుకోండి. గీత కనబడలేదని మాత్రం మురిసిపోకండి. మీ వెనకున్నది తెల్ల కాగితమేమో.