దద్దోజనానికి గడువు

జంషెడ్‌పూర్ తెలుగు వెలుగుల సమ్మేళనం వారు ఇకమీదట పాత సంగతులు మరచిపోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మరపు తమవల్ల కాదని అనుభవంలో తేలినందున ఆ బాధ్యతను కంప్యూటర్లకు అప్పగించారు. సభ్యులపై వచ్చిన ఏ ఫిర్యాదునైనా ఏడాదిపాటు ఎవరూ తెరవకపోతే అది దానంతటదే చెరిగిపోతుంది. ఎవరైనా తెరిచారా, అది ప్రజలకింకా అవసరమేనని గుర్తించి, ఆనాటి నుంచి మరో ఏడాది గడువు పొడిగిస్తారు. భద్రత కోసం ఊళ్ళోని కాసిడీహ్, అగ్రికో, బిర్సానగర్ పేటల కంప్యూటర్లలో ఫిర్యాదులన్నిటికీ ఒక్కో ప్రతి.

ఇది విని అందరికన్నా సంతోషించినవాడు బిర్సానగర్ వంట మేస్త్రీ పోలరాజు. డిమ్నా సరస్సు ఒడ్డున జరిగిన ఉగాది విందులో అతని దద్దోజనం పులిసిందని ఫిర్యాదు ఉంది. అది నిజమే. అధ్యక్షులు త్యాగరాజు గారు "క్లుప్తంగా రెండు మాటలు" మొదలుపెట్టినప్పుడు అది పులవలేదన్నదీ నిజమే. ఆ రెండు మాటలూ ముగిసేసరికి ఎండ నడినెత్తి దాటింది, పెరుగు తన ధర్మం తాను నిర్వర్తించింది. ఈ సంజాయిషీని కూడా పోలరాజు నమోదు చేయించాడు. ఎవరూ తెరవలేదు గనుక ఏడాది తిరగ్గానే అది నిబంధనల ప్రకారం చెరిగిపోయింది. ఫిర్యాదు మాత్రం క్షేమం. పెళ్ళిళ్ళు సరే, బారసాలకు కూడా అతన్ని పిలవడం మానేశారు.

రోజూ పొద్దున్నే అతను కూతురు బిందుప్రియను అడిగేవాడు.

"పోనాదేటమ్మా?"

ఆమె ఫోనులో తెరిచి చూసి, "నహీ బాబా, అభీ భీ హై" అంటూ ఇంకా ఉందని హిందీలో చెప్పేది.

తెరిచినందుకు మరో ఏడాది. ఈ సంగతి తండ్రీకూతుళ్ళకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

తెలిశాక పోలరాజు బిర్సానగర్ ప్రతిని చూసుకునే, తనకు వరసకు అల్లుడయ్యే బంగార్రాజు దగ్గరికి పరుగెత్తాడు.

"అల్లుడూ, దండం పెడతాను. దాన్నొక్కటీ తీసీరా!"

"ఇంత సిన్న పనికి దండమేటి మావా?" అంటూ బంగార్రాజు చెరిపేశాడు.

సాయంత్రానికి కాసిడీహ్, అగ్రికో ప్రతులు బిర్సానగర్‌కు వచ్చిన లోటు గమనించి, ఫిర్యాదును సోదరభావంతో తిరిగి పంపించాయి. తెలుగువారి ఐకమత్యం ఈ ఊళ్ళో ఇంత చక్కగా మరెన్నడూ పనిచేయలేదు.

ఇక చూడకుండా ఉండటమే మార్గం. తండ్రీకూతుళ్ళు ఫోను జోలికి పోలేదు. దైవం కూడా కనికరించింది. కార్యదర్శి సీతారాం గారి విగ్గు హారతి పళ్ళెంలో పడిందన్న కొత్త ఫిర్యాదు రావడంతో జనం అటు మళ్ళారు. చూస్తుండగానే ఏడాది నిండవచ్చింది. ఆఖరి రోజు ఉగాది. పోలరాజు గరిటెలు చింతపండుతో తోమించి, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని సభకు వెళ్ళాడు.

త్యాగరాజు గారు లేచారు.

"సోదర సోదరీమణులారా! ఈ రోజుతో మన పోలరాజు దద్దోజనం ఫిర్యాదు శాశ్వతంగా అంతరించనుంది. క్షమాగుణంలో మన జాతికి సాటి..."

"ఒగ్గీండి బాబూ! గుర్తు సెయ్యకండి!" వెనక వరసలోంచి పోలరాజు అరిచాడు.

చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. "ఏం దద్దోజనం?" అని కొత్తగా బదిలీ మీద వచ్చిన ఇంజనీర్లు అడిగారు. పోయేలోగా ఒక్కసారి చూద్దామని సభ సభంతా ఫోన్లు తీసింది.

మూడు ప్రతులూ మరో ఏడాదికి స్థిరపడ్డాయి. పోలరాజు ఆ రోజు భోజనం చేయకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు. పాపం, తప్పెవరిదో అతనికి తెలుసు.

మీరు ఆ సభకు రాలేదు, ఫోను తీయలేదు. ఇక్కడ చదివారంతే. పెరుగు ఎవరివల్ల పులిసిందో కూడా మీకు తెలుసు. అయినా రేపు మీ ఇంటి శుభకార్యానికి ఎవరైనా పోలరాజు పేరు చెబితే, మీరు మొదట ఏమడుగుతారో మాకు తెలుసు.