వేదిక మీద ఇంటి భోజనం

పరాయి దేశం నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లల దిగులుకు సన్మానాన్ని మించిన మందు లేదు! ఈ మాట ఊరికే అనడం లేదు. మన పుదుచ్చేరిలోని ఒక విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల సాంస్కృతిక సహాయ కమిటీ ఉంది. ఊరి ప్రముఖుల కోటాలో నేనూ సభ్యుణ్ని. బజారులో పాత్రల కొట్టు నడిపే రంగనాథానికి సంస్కృతి ఏం తెలుసంటారా? జ్యోతి వెలిగించే కుందులు అమ్మేదెవరు మరి?

టాంజానియా నుంచి నీమా అనే అమ్మాయి సముద్ర జీవశాస్త్రం చదవడానికి వచ్చింది. రాగానే స్వాగత సభ పెట్టి దండ వేశాం. తర్వాత యోగా దినం, మాతృభాషా దినం, చేనేత దినం. ప్రతిసారీ పట్టుచీర కట్టించి ముందు వరుసలో కూర్చోబెట్టాం. చీర కట్టేది మునెమ్మ. ముదలియార్‌పేటలో నాట్య ప్రదర్శనలకు చీరలూ గిల్టు నగలూ అద్దెకిచ్చే మనిషి. ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడుతుంది.

ఇంత చేసినా ఆ పిల్ల చిక్కిపోసాగింది. క్లాసులు ఎగ్గొట్టింది. చివరికి చదువు మానేసి వెళ్లిపోతానని కమిటీ అధ్యక్షుడు ప్రొఫెసర్ సుందరమూర్తి గారికి చెప్పింది. మా గుండెల్లో రాయి పడింది. ఆమె వెళ్లిపోతే వార్షికోత్సవంలో దీపం ఎవరు వెలిగిస్తారు?

అత్యవసర సమావేశానికి పిలిచి, ఏం లోటు చేశామని అడిగాం. ఆమె వచ్చీరాని తమిళంలో చెప్పింది. ఇక్కడికొచ్చాక ఎవరింట్లోనూ అడుగు పెట్టలేదట. ఒక్క పూట ఎవరింట్లోనైనా కూర్చుని తినాలని ఉందట.

ఇంతేనా! వెంటనే ఒప్పుకున్నాం. ఎవరింట్లో అన్న దగ్గర మాత్రం చర్చ సాగింది. సుందరమూర్తి గారింట్లో పెయింటింగ్ పని జరుగుతోంది. మరో సభ్యుడు కార్తికేయన్ గారి అత్తగారికి కొత్తవాళ్లను చూస్తే బీపీ పెరుగుతుంది. నేనేమో మా ఆవిడను అడగాలి, అడిగే తీరిక దొరకడం లేదు. చివరికి అందరికీ అనుకూలమైన మార్గం తోచింది. ఆడిటోరియం వేదిక మీదే ఒక ఇల్లు కట్టేశాం!

ప్లైవుడ్ గోడలు, థర్మోకోల్ పొయ్యి, గుమ్మానికి ప్లాస్టిక్ మావిడాకులు. పాత్రలు నా కొట్టువి. తల్లి వేషం మునెమ్మకిచ్చాం, చీర అద్దె కలిసొచ్చింది. నీమా అరిటాకు ముందు కూర్చుంది. మునెమ్మ వడ్డించింది. హాలంతా చప్పట్లు. ఫొటోగ్రాఫరు 'మళ్లీ ఒకసారి' అన్నప్పుడల్లా ఆ పిల్ల అదే ముద్దను నోటిదాకా తీసుకెళ్లి ఆగింది. కాసేపటికి ముద్ద ఆకులో పెట్టేసి ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు ఆనందబాష్పాలని సుందరమూర్తి గారు మైకులో ప్రకటించారు.

మునెమ్మ గరిటె కింద పెట్టింది. ఆమె తెలుగులోనే అన్నా పిల్లకు అర్థమైనట్టుంది.

"లే పాపా. రేపు మా ఇంటికి రా. ఆడ ఎవురూ సప్పట్లు కొట్టరు."

అప్పట్నుంచి నీమా మా సభలకు సరిగా రావడం లేదు. ఆదివారమైతే ముదలియార్‌పేటలో మునెమ్మ ఇంట్లోనే. చదువు మానేసే మాట ఎత్తడం లేదు, నిజమే. కానీ బ్యానర్ లేదు, ఫొటో లేదు, ముఖ్య అతిథి లేడు. దీన్ని సాంస్కృతిక సహాయం అని ఎలా అంటాం? విషయం పరిశీలించి రమ్మని కమిటీ నన్ను పంపింది.

వెళ్లేసరికి నీమా నైటీలో గడప మీద కూర్చుని చిన్న ఉల్లిపాయలు ఒలుస్తోంది. పొట్టుతో పాటు సగం ఉల్లిపాయ పారేస్తున్నావని మునెమ్మ తిడుతోంది. పరదేశపు అతిథిని తిట్టడమా! పైగా ఆ పిల్ల నవ్వుతోంది. నన్ను చూసి లేచి, చేతులు నైటీకి తుడుచుకుని తెలుగులో పలకరించింది.

"రండి మామా. తిన్నారా?"

కమిటీలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. నటేశన్ నగర్‌లో సుందరమూర్తి గారి ఇల్లు నేను గేటు దాకానే చూశాను. కోసపాళయంలో మా ఇంటికి ఆయన రానే లేదు. ఒకరికొకరం కప్పుకున్న శాలువాలకు మాత్రం లెక్క లేదు.

తినలేదని చెప్పి లోపలికెళ్లి కూర్చున్నాను. సాంబారులో ఉప్పు కాస్త ఎక్కువైంది. అయినా మళ్లీ అడిగి వేయించుకున్నాను.

కమిటీకి నా నివేదిక ఇచ్చేశాను. ఒక్క పూటతో ఏదీ తేలలేదనీ, వచ్చే ఆదివారం కూడా పరిశీలన అవసరమనీ రాశాను.